గంగాధరం కూర్చునే బల్ల

కార్వేటినగరం,
ఫిబ్రవరి 23.

ప్రియమైన తమ్ముడు దయానంద్‌కు,

నీకూ అమలకూ ప్రభువు తోడుండాలని కోరుతూ మీ అక్క తాయమ్మ రాసేది. ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలు ముగిసేదాకా సెల్‌ఫోన్ ముట్టకూడదని తీర్మానం చేసుకున్నాను. బీరువాలో పెట్టి తాళం వేసినాను. నీ కాలికట్టు ఈస్టరు దాకా విప్పరంట. అందుకని ఈ ఉత్తరం.

మొన్న శనివారం పొద్దున నాలుగున్నరకు లేచినాను. ప్రార్థన చేసుకొని, వాకిలి ఊడ్చి, సుగుణకు తవుడు పెట్టి పాలు పిండినాను. దూడకు కొంచెం వదిలినాను. కాఫీ రెండు గ్లాసుల్లో పోసినాను. నాయన పోయి ముప్పై ఐదు దినాలైనా నా చెయ్యి మరవలేదు. పారబోయబుద్ధి కాక రెండో గ్లాసు కూడా నేనే తాగినాను. సంగటికి చూస్తే రాగిపిండి డబ్బా ఖాళీ. అటక మీదున్న ఇంకో డబ్బా దించబోతే నాయన స్టాంపు కాగితాలు పెట్టుకునే రేకుపెట్టె చేతికొచ్చింది. దాంట్లో నువ్వు లా చదివి ఇంట్లో వదిలేసి పోయిన రోమా చట్టం పుస్తకం ఉండాది. పేజీ పేజీకీ ఎర్రసిరా గీతలు. దాని నడుమ నాయన వీలునామా, రెండు కాగితాలు. మన మందిరం అయ్యగారూ, పాత పోస్టుమాస్టరు మునిరామయ్య గారూ సాక్షి సంతకాలు చేసినారు.

నాయన నలభై ఏండ్లు రిజిస్ట్రారాఫీసు వసారాలో కూర్చొని ఊరందరికీ వీలునామాలు రాసినాడు. ఇట్లాంటిది రాయగా నేను చూడలేదు. మొదటి కాగితం ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"అన్నిటికంటె ముందుగా నా పెద్ద కూతురు తాయమ్మ నాకు వారసురాలు అగుగాక. కుట్టుమిషను నా చిన్న కూతురు కోమలి తీసుకొనుగాక. ఆవును దూడను నా చిన్న కొడుకు గిరి తోలుకొనిపోవుగాక, అడ్డు చెప్పకుండుటకు తాయమ్మ బద్ధురాలగుగాక. నాలుగు కుర్చీలు, మంచం, గంటల గడియారం దేవుని మందిరానికి ఇచ్చుటకు తాయమ్మ బద్ధురాలగుగాక. గంగాధరం కూర్చునే టేకుబల్ల గిరికి ఇచ్చుటకు తాయమ్మ బద్ధురాలగుగాక."

గంగాధరం గారిని నువ్వు మరచిపోయి ఉండవు. నాయన పక్కనే కూర్చొని దస్తావేజులు రాసే ఆయన. పాత బంగళా సామాన్ల వేలంలో ఆ బల్లకు నాయన పాడితే, ఆయన ఇంకొక పాట ఎక్కువ పాడి తీసుకున్నాడు. ఆ దినం నుండి ముప్పై ఏండ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఆయన బల్లను మన నాయన ఎట్ల ఇస్తాడు?

నాకేమన్నా మిగిలిందా అని అడగడం లేదు. నాయనను పద్దెనిమిదేండ్లు చూసుకున్నాను. మూడుచోట్ల నన్ను బద్ధురాలిని చేసినాడు. కోపంతో రాసినాడా? అది తెలిస్తే చాలు.

నీ అక్క,
తాయమ్మ.

తా.క. ప్రభువును సిలువ వేసింది రోమా వాళ్లే కదా. ఇన్ని దేశాలుండగా నాయన వాళ్లను ఎందుకు పట్టుకున్నాడో తెలియలేదు.

*

తిరుపతి,
ఫిబ్రవరి 27.

ప్రియమైన అక్కకు,

కాలు బల్లమీదా, మనసు నీ దగ్గరా పెట్టుకొని తమ్ముడు దయానంద్ చేసే వందనాలు.

నీ ఉత్తరం చదివి సంతోషం పట్టలేక లేచి నిలబడబోయినాను. అమల పట్టుకోకపోతే రెండో కాలు కూడా విరిగేది. అక్కా, ఇరవై రెండేళ్లుగా లా కాలేజీలో రోమా వారసత్వం పాఠం చెప్తున్నాను. ఒక్క విద్యార్థికీ ఎక్కలేదు. నాయనకు ఎక్కింది.

అది కోపం కాదు, సూత్రం. రోమా వీలునామాలో మొట్టమొదట వారసుడి పేరు ఉండి తీరాలి. అది లేకుంటే కింద ఎన్ని కానుకలు రాసినా చెల్లవు. వారసురాలంటే ఆస్తి తీసుకునే మనిషని కాదు. పోయినాయన చోట్లో కూర్చునే మనిషి. ఆయన చేయవలసినవన్నీ ఆమె చేయాలి. 'బద్ధురాలగుగాక' అంటేనే ఆ కానుకకు బలం. నిన్ను మూడుసార్లు అన్నాడంటే నిన్ను మూడుసార్లు నమ్మినాడని.

ఇక బల్ల. అది మరీ అందమైన నియమం. రాసినాయనకు ఆ వస్తువు ఇంకొకరిదని తెలిసే రాసి ఉంటే, వారసురాలు దాన్ని యజమాని దగ్గర సంపాదించి ఇవ్వాల్సిందే. యజమాని ఎంతకూ ఇవ్వనంటేనే దానికి బదులు వెల కట్టి ఇవ్వడం. గంగాధరం బల్ల గంగాధరందని నాయనకు తెలియదని ఎవరూ అనలేరు. ముప్పై ఏళ్లు ఆ బల్లను చూస్తూనే కూర్చున్నాడు.

నీ ఉత్తరాన్ని క్లాసులో చదివి వినిపించమని ప్రిన్సిపాల్‌కు ఇచ్చినాను. పిల్లలు చప్పట్లు కొట్టినారంట.

ఉంటాను,
దయానంద్.

తా.క. నాకేం రాసినాడో నువ్వు రాయలేదు. ఊరికే అడిగినాను.

*

కార్వేటినగరం,
మార్చి 5.

ప్రియమైన తమ్మునికి,

దేవుని కృపవల్ల కుశలం. నువ్వు రాసినట్లే అంతా చేసినాను.

సోమవారం కోమలి సత్యవేడు నుండి ఆటో పెట్టుకొని వచ్చి మిషను తీసుకుపోయింది. మంగళవారం గిరి మినీలారీ తెచ్చి సుగుణను, దూడను ఎక్కించుకొని పోయినాడు. తడలో హైవే పక్కన తన పరోటా అంగడి వెనక కట్టేస్తాడంట. లారీల మోతకు అది ఎట్ల బతుకుతుందో. అడ్డు చెప్పకూడదని రాసినాడు కాబట్టి చెప్పలేదు. సుగుణ వెనక్కి తిరిగి చూసింది. బుధవారం కుర్చీలు, మంచం, గడియారం మందిరానికి పంపినాను. ఈ ఉత్తరం రాగిపిండి డబ్బా బోర్లించి దానిమీద రాస్తున్నాను. ఇల్లు పెద్దదైనట్లుండాది. ప్రార్థన చేస్తే గోడల నుండి నా మాటే తిరిగొస్తా ఉండాది.

నిన్న గంగాధరం గారి దగ్గరికి పోయినాను. ఇప్పుడు దస్తావేజులన్నీ కంప్యూటర్లో అయిపోతా ఉండాయి, ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. కంటి ఆపరేషన్ అయినాక నల్లద్దాలు పెట్టుకొని ఊరికే కూర్చుంటాడు. పక్కన నాయన కూర్చున్న చోటు ఖాళీగా ఉండాది, ఎవరినీ కూర్చోనీయడంట. సంగతి చెప్పినాను.

"ముప్పై ఏండ్లకు మీ ఇంటి మనిషి నన్ను పలకరించిందని సంబరపడినాను కదమ్మా," అన్నాడు. "నేను కూర్చున్న బల్ల లాక్కునేదానికా వచ్చింది?"

లాక్కునేదానికి కాదు, ఏమిస్తే ఇస్తారో అడిగేదానికి అన్నాను. డబ్బు వద్దన్నాడు. మన ఇంటి దిక్కు చెయ్యి చూపించినాడు.

"ఆ ఇల్లిస్తే ఈ బల్ల ఇస్తాను పో."

ప్రార్థన చేసుకొని చెప్తానన్నాను. ఆయన అద్దాలు తీసి నన్ను చూసినాడు.

నీ అక్క,
తాయమ్మ.

తా.క. నీకేం రాసినాడని అడిగినావు. ఇప్పటికైతే నీకేమీ లేదు.

*

తిరుపతి,
మార్చి 9.

అక్కా,

వందనాలు తరువాత, ముందు ఒక మాట. ఇంకేమీ ఇవ్వవద్దు.

అన్నీ ఊడ్చి ఇచ్చేస్తావని నేననుకోలేదు. దీనికి రోమాలో మందు ఉంది. అన్నీ ఇతరులకు రాసేస్తే వారసుడికి ఏమీ మిగలదు, మిగలకపోతే ఎవడూ వారసుడిగా ఉండడు, వారసుడు లేకుంటే వీలునామానే కూలిపోతుంది. అందుకని ఫాల్కిడియుస్ అనే ఆయన ఒక చట్టం తెచ్చినాడు. ఎవరికెన్ని రాసినా, మొత్తంలో నాలుగో వంతు వారసుడికి ఉండి తీరాలి. తక్కువైతే అందరి కానుకల్లోనూ ఆ మేరకు కోత పెట్టాలి. కాబట్టి నాలుగో వంతు నీది. మొహమాటపడవద్దు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు.

బల్లకు ఇల్లు అడిగినాడని రాసింది చదివి అమలా నేనూ చాలాసేపు నవ్వినాము. యాభై ఆరేళ్లలో నువ్వు చేసిన మొదటి తమాషా అది. స్టాఫ్‌రూమ్‌కు ఫోన్ చేసి అందరికీ చెప్పినాను.

దయానంద్.

తా.క. "ఇప్పటికైతే" అన్నావు. ఇప్పటికైతే అంటే ఏమిటక్కా?

*

కార్వేటినగరం,
మార్చి 16.

ప్రియమైన తమ్మునికి,

సమాధానం కలుగును గాక. ఇక్కడ ఎవరికీ ఆ నెమ్మది లేదు.

నువ్వు చెప్పినట్లే నాలుగో వంతు తీసుకున్నాను. బస్సెక్కి సత్యవేడుకు పోయి కోమలి మిషనులో పెడలు విప్పించుకొని వచ్చినాను. మిషనును సరిగ్గా నాలుగు చేస్తే ఏ ముక్క ఎంతవుతుందో నాకు తెలియలేదు, మెకానిక్‌ను అడిగితే పెడలు తీసుకోమన్నాడు. కోమలి ఏడ్చింది. పెండ్లివాళ్ల జాకెట్లు ఇరవై ఒకటి ఆగిపోయినాయంట. దయానంద్ చెప్పినాడు అన్నాను. నీకు ఫోన్ చేసి ఉంటుంది.

సుగుణతో ఇబ్బంది లేదు. దేవుడే పొదుగుకు నాలుగు చన్నులిచ్చినాడు. ఒక చన్ను పాలు నావని గిరికి చెప్పినాను. తడ నుండి దినమూ బస్సులో క్యాను పంపలేనన్నాడు. అయితే ఆ చన్ను పిండకుండా దూడకు వదిలేయమన్నాను. దూడ నాలుగింటిలో ఏది ఎవరిదో చూసుకొని తాగదు కదా అన్నాడు. అది నిజమే.

మందిరం నుండి ఒక కుర్చీ తెచ్చుకున్నాను. గడియారానికి పన్నెండు గంటలు, దాంట్లో మూడు నావి. ఏ మూడమ్మా అని అయ్యగారు అడిగినారు. తెల్లవారి నాలుగు నుండి ఏడు దాకా, ప్రార్థనకు, అన్నాను. ఆ మూడు గంటలూ మందిరం మూసే ఉంటుంది కాబట్టి గడియారం నీదే అనుకో తల్లీ అన్నారు. మంచం కోళ్లు నాలుగు. ఒకటి తీస్తే మిగతాది పడిపోతుందని వదిలేసినాను.

నేను తమాషా చేయలేదు. యజమాని ఎంతకూ ఇవ్వనంటేనే వెల అని నువ్వే రాసినావు. గంగాధరం గారు ఎంతకూ ఇవ్వననలేదు. ఇల్లిస్తే ఇస్తానన్నాడు. మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థించినాను. నాయన ఆఖరి మాట నావల్ల నిలవలేదనిపించుకోలేను. పోయి సరేనన్నాను. వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం పత్రం రాద్దామన్నాడు. ఆయనే రాస్తాడు. నేను యాడికి పోవాల అనేది ఇంకా ఆలోచించలేదు. మందిరం వెనక గది ఖాళీగా ఉండాదని అయ్యగారి భార్య, అమ్మగారు కృపారాణి చెప్పింది. వానకు కురుస్తుందంట. నా మంచం ఆడే ఉండాది కాబట్టి మోయించే పని లేదు.

నీ అక్క,
తాయమ్మ.

తా.క. నీ సంగతి రెండో కాగితంలో ఉండాది. దాని అవసరం రాకూడదనే ప్రార్థన చేస్తా ఉన్నాను.

*

తిరుపతి,
మార్చి 19. స్పీడ్‌పోస్ట్.

అక్కా,

వందనాలు, దండాలు, ఇంకేమన్నా ఉంటే అవీ.

కోమలి ఫోన్లో నలభై నిమిషాలు ఏడ్చింది. గిరి ఏడవలేదు, తిట్టినాడు. చన్ను సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాను. అన్నింటికీ నువ్వు నా పేరు చెప్పినావు. చెప్పమన్నది నేనే.

అక్కా, సావధానంగా చదువు. రోమా రాజ్యం పోయి పదిహేను వందల ఏళ్లు దాటింది. ఆ చట్టం కార్వేటినగరానికి ఎప్పుడూ రాలేదు. ఫాల్కిడియుస్ లేడు. ఆయన నాలుగో వంతు లేదు. నాయన అట్లా ఎందుకు రాసినాడని నువ్వు అడిగితే, నాకు తెలిసింది చెప్పినాను. చేయమని చెప్పలేదు. ఇరవై రెండేళ్లలో నేను చెప్పింది విని ఆచరించిన మొదటి మనిషివి నువ్వే. అది నా సొంత అక్క కావాల్సి వచ్చింది.

ఇల్లు ఇవ్వవద్దు. నువ్వు తప్ప ఆ ఇంటికి మనిషి లేదు, ఆ ఇల్లు తప్ప నీకు చోటు లేదు. నేను లేచి రాలేను. ఈ కట్టును గోడకేసి కొడుతూ రాస్తున్నాను.

మిగిలింది ఒకటే దారి. నువ్వు వారసురాలివి కావడం మానుకో. వీలునామాలో రాసినంతమాత్రాన ఎవరి నెత్తినా బలవంతంగా ఏదీ పెట్టలేరు, అది రోమాలోనూ ఇక్కడా ఒకటే. "నాకు ఈ వారసత్వం వద్దు" అని ఒక కాగితం రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించు. వారసురాలే లేకపోతే బద్ధురాలు లేదు. బల్ల లేదు. ఇల్లు నలుగురికీ వస్తుంది, నిన్ను అక్కడే ఉండనిస్తాం. దీన్ని మాత్రం తప్పకుండా చెయ్యి. ఇది పాఠం కాదు, వేడుకోలు.

దయానంద్.

తా.క. రెండో కాగితంలో ఏముందో రాయి. నీ ఉత్తరం వచ్చినప్పటి నుండి నాకు అన్నం సయించడం లేదు.

*

కార్వేటినగరం,
మార్చి 29, మట్టల ఆదివారం.

ప్రియమైన తమ్మునికి,

ఈ పొద్దు ఆరాధనకు కోమలి, గిరి కూడా వచ్చినారు. వాళ్లిద్దరి వందనాలు కూడా దీంట్లోనే.

నువ్వు చెప్పినట్లే చేసినాను. శుక్రవారం గంగాధరం గారి దగ్గరికి పోయి, ఇంటి పత్రం వద్దు, వేరే కాగితం రాయాల అన్నాను. వారసత్వం నాకొద్దని ఆయనే రాసినాడు. అక్షరం ఇంకా కుదురుగానే ఉండాది. సాక్షులు అమ్మగారు కృపారాణి, గంగాధరం గారు. సంతకం పెట్టినాక, నేను బయటి మనిషినైపోయినాను అనిపించింది. నాయన మాట తీసి కింద పెట్టినాను అనుకొని అక్కడే కూర్చుండిపోయినాను. నాయన కూర్చునే చోటులోనే. ఆయన వద్దనలేదు.

తరువాత రెండో కాగితం ఆయనకు ఇచ్చినాను. మొదటిది పోయింది కాబట్టి ఇక రెండోదే. నేను వారసురాలిగా ఉన్నంతసేపూ దాంతో పని లేదు, అందుకే నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

"తాయమ్మ వద్దన్నచో నా పెద్ద కొడుకు దయానంద్ నాకు వారసుడు అగుగాక. పై బాధ్యతలన్నియు అతనివి. తాయమ్మ బ్రతికినంతకాలం ఈ ఇంట్లో ఉండుగాక. ఆమె ఇంటి కప్పు కురవకుండుటకును, ఆమెకు కూర్చొనుటకు కుర్చీ, పడుకొనుటకు మంచం, త్రాగుటకు పాలు, ప్రార్థన వేళకు గడియారం కొదవ లేకుండుటకును దయానంద్ బద్ధుడగుగాక. ఇందులో తాయమ్మకు రాసినది ఏదియు ఆమె ఇంకొకరికి ఇచ్చుటకు వీలులేదు. దయానంద్ కూడ వద్దన్నచో గంగాధరం నాకు వారసుడు అగుగాక."

గంగాధరం గారు చదివి, అద్దాలు తుడుచుకొని, మళ్లీ చదివినాడు. అమ్మగారు భయపడి నీళ్లు తెచ్చింది. ఆయన నవ్వుతా ఉన్నాడు.

"నా పేరున్న ఈ మూడో మాట మాత్రం గోడకు చెప్పలేదు సూడమ్మా మీ నాయన," అన్నాడు. "నేను వారసుడినైతే నా బల్ల నేనే సంపాదించి గిరికి ఇవ్వాల."

అప్పుడు చెప్పినాడు. ముప్పై ఏండ్లు ఇద్దరికీ మాటల్లేవు కానీ, నాయన ఆ పుస్తకం చదివి ప్రతి మాటా గోడకు చెప్పేవాడంట. ఆయనకు వినబడేటట్లు. ఈయన కూడా జవాబు ఎదుటి గోడకు చెప్పేవాడంట. పోయినేడు ఒక దినం నాయన గోడతో అన్నాడంట: "నా పెద్దకూతురికి ఏదిచ్చినా సాయంత్రానికి పంచేస్తుంది. ఇవ్వకుండా ఇచ్చే దారి యాడుందా అని వెతుకుతా ఉండాను." ఆ దారి దొరికినాక అదీ గోడకు చెప్పినాడంట. మరి ఆ పిల్ల తనంతట తాను వద్దని రాసివ్వాల కదా, రాస్తుందా అని ఈయన ఎదుటి గోడను అడిగినాడంట. నాయన ఇట్లన్నాడంట: "మా దయానందుడు ఉండాడు. చదువుకున్నోడు. ఎట్లైనా రాయిస్తాడు."

"ఇల్లెందుకు అడిగినాననుకున్నావు?" అన్నాడు గంగాధరం గారు. "అదడిగితేనన్నా నీ తమ్మునికి భయం పుడుతుందని. పత్రం ఒక వారం వెనక్కి జరిపింది, నీ ఉత్తరం పోయి వాని ఉత్తరం వచ్చేదానికి."

 నాయన కోపంతో రాయలేదని తెలిసింది. నెల దినాలుగా అడుగుతా ఉన్నది అదే.

మన దేశంలో రోమా చట్టం లేదన్నావు. మునిరామయ్య గారిని, కోర్టులో రూపశ్రీ వకీలమ్మను అడిగినాము. ఒకరు వద్దంటే ఇంకొకరు అని రాసుకోవడం మన చట్టంలో కూడా ఉండాదంట. సాక్షులు ఉండారు, వీలునామా చెల్లుతుందంట. నువ్వూ వద్దనవచ్చు. అప్పుడు ఇల్లు గంగాధరం గారిది. నీ ఇష్టం.

సాయంత్రం అందరం చాప మీద కూర్చొని ప్రార్థన చేసి, మాట్లాడుకున్నాము. పెడలు కోమలికి ఇచ్చేసినాను, మిషను ఆమెదే. లారీల మోతకు సుగుణ పాలివ్వకుండా ఎగబెట్టిందంట, గిరి బుధవారం తోలుకొస్తాడు. ఆవు వానిదే, పాలు నావి, గడ్డి నీది. మందిరానికి రాసింది మందిరానిదే కాబట్టి, నాకు మంచం, కుర్చీ, గడియారం కొత్తవి నువ్వు తేవాల. వానలకు ముందు ఇంటి కప్పు వేయించాల. బల్ల సంగతి గంగాధరం గారినే పిలిచి అడిగినాము. ఆయనకు పక్కన మనిషి లేక గోడలతో మాట్లాడబుద్ధి కావడం లేదంట. నీ కాలు బాగైనాక ప్రతి నెలా రెండో శనివారం నువ్వొచ్చి నాయన చోట్లో కూర్చొని, ఆయన చెప్పింది రాయాల. ఆయన ఉన్నన్నాళ్లు. ఆపైన బల్ల గిరిది. నువ్వు లేకుండానే అందరం దీనికి ఒప్పుకున్నాము.

నీ అక్క,
తాయమ్మ.

తా.క. ఈస్టరు పొద్దున ఫోను బయటికి తీస్తాను. అయినా నువ్వు ఒప్పుకునేది ఫోనులో చెల్లదని, కాగితం మీద ఇద్దరు సాక్షులతో రావాలని కూడా సాయంత్రమే నిర్ణయించినాము. ఒక సాక్షి అమల. రెండో సాక్షి దొరక్కపోతే గోడ చాలునన్నాడు గంగాధరం గారు.